ఆవిరిచక్ర నిర్మాత చార్లెస్ పార్సన్సు

సాయంకాలమున మన మొక మీట నొక్కుదుము. తత్క్షణమే గదియంతయు వెలుగుతో నిండును. ఆ వెలుగు ఎచ్చటినుండి వచ్చినదో ఆలోచించువారు మనలో అరుదు. ఎక్కడనో, అనేక మైళ్ళ దూరమున, ఒక పెద్ద కొలిమిలో రాక్షసిబొగ్గు మండుచుండును. ఆ మంటకు నీరు కాగి ఆవిరి యగును. ఆ ఆవిరి ఉక్కురెక్కలు గల చక్రముల వరుసను నిమిషమునకు 3,000 మారులు త్రిప్పును. ఆ చక్రముల ఇరుసునకు కూర్చిన యంత్రమునందు విద్యుత్తు పుట్టి, తీగల వెంట ప్రయాణము చేసి మన యింటి దీపమును చేరును. బొగ్గును భూమి యిచ్చినది. నీటిని నది యిచ్చినది. ఈ రెంటికిని దీపమునకును నడుమ నున్న ఆవిరిచక్రమును లోకోపయోగముగా తీర్చినవాడు చార్లెస్ పార్సన్సు. ఆ యంత్రమునే నేడు టర్బైను అని పిలుచుచున్నాము. దాని కథయే ఆయన జీవితకథ.

పార్సన్సు 1854వ సంవత్సరము జూన్ 13వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆయన పూర్వులు ఐర్లండు దేశమున బిర్ అను పట్టణమందలి కోటలో నివసించు ప్రభువులు. తండ్రి విలియం పార్సన్సు రాస్ ప్రభువుగా ప్రసిద్ధుడు. సంపన్నుడైనను ఆయన సోమరి కాడు. తన కోటయందే కొలుములను, పోతపని శాలలను నెలకొల్పి, ఆరడుగుల వ్యాసముగల లోహదర్పణమును పోతపోయించి, 1845లో ఒక మహా దూరదర్శినిని నిర్మించెను. 1917వ సంవత్సరము వరకు లోకమున దానిని మించిన దూరదర్శిని లేకుండెను. తల్లి మేరీ ఛాయాచిత్రకళయందు నేర్పరి. చార్లెస్ ఆ దంపతుల కడగొట్టు కుమారుడు.

ఆ సోదరులను తలిదండ్రులు బడికి పంపలేదు. విద్వాంసులను కోటకే రప్పించి చదువు చెప్పించిరి. పాఠము ముగిసిన వెంటనే బాలుడు కమ్మరి కొలిమి కడకు పరుగెత్తెడివాడు. సుత్తి, ఆకురాయి, తరిమెనపట్టు అతనికి ఆటవస్తువులయ్యెను. పనిముట్టును చేతితో పట్టి నేర్చిన విద్య పుస్తకవిద్యకు తోడైనప్పుడు రెండును వృద్ధిపొందునని తండ్రి నమ్మకము. 1867లో, చార్లెసునకు పదుమూడేండ్ల వయస్సున, ఆ తండ్రి పరలోకగతుడయ్యెను.

రెండేండ్లకు మరియొక విషాదము సంభవించెను. ఆ కుటుంబమువారు ఆవిరితో నడచు బండి నొకదానిని నిర్మించుకొని యుండిరి. 1869వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన చార్లెస్, అతని అన్న, వారి గురువు ఆ బండి నెక్కి బయలుదేరిరి. బంధువురాలైన మేరీ వార్డు అను విదుషీమణియు, ఆమె భర్తయు వారితోనుండిరి. ఆమె సూక్ష్మదర్శినిని గూర్చి గ్రంథములు రచించి పేరుగాంచినది. దారి మలుపున బండి కుదుపునకు ఆమె క్రిందపడెను. బరువైన చక్రము ఆమెపై నెక్కగా తక్షణమే ప్రాణము పోయెను. యంత్రవాహనము వలన కలిగిన మొదటి మరణములలో నిది యొకటియని చరిత్రకారు లెంచుదురు. అప్పటికి చార్లెస్ పదునైదేండ్ల బాలుడు. ఆవిరిని లోబరచుకొనుట వినోదము కాదనియు, అందు తప్పు జరిగినచో మూల్యము మనుష్యప్రాణమే యనియు అతడు కన్నులార చూచెను.

పిమ్మట చార్లెస్ డబ్లినులోని ట్రినిటీ కళాశాలయందును, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్సు కళాశాలయందును చదివి, 1877లో గణితశాస్త్రపు గొప్ప పరీక్షలో పదునొకండవ స్థానమున ఉత్తీర్ణుడయ్యెను. అట్టి ప్రభుకుమారులు ఆ కాలమున రాజకీయములలోనో, సైన్యమునందో ప్రవేశింతురు. పార్సన్సు అట్లు చేయలేదు. ఇంగ్లండున ఉత్తరభాగమున న్యూకాసిల్ నగరసమీపమున నున్న ఆర్మ్‌స్ట్రాంగు కర్మాగారమున చేరి, మసిబట్టల పనివారి నడుమ పనిముట్లు పట్టి కొన్ని సంవత్సరములు శిక్షణ పొందెను. ఆ నగర పరిసరములు బొగ్గుగనులకు ప్రసిద్ధి. ఆయన జీవితకార్యమునకు ఆ ప్రాంతమే రంగస్థల మయ్యెను. 1883లో కాథరీన్ బెథెల్ అను కన్యను వివాహమాడెను. మరుసటి సంవత్సరము గేట్స్‌హెడ్ పట్టణమందలి క్లార్కు చాప్‌మన్ సంస్థలో భాగస్వామిగా ప్రవేశించి, విద్యుద్విభాగమునకు అధిపతి యయ్యెను.

అప్పటి విద్యుత్తు స్థితిని కొంత తెలిసికొనవలెను. 1882లో లండనులోను, న్యూయార్కులోను ఎడిసన్ ఏర్పాటు చేసిన కేంద్రములు బొగ్గును మండించి ప్రజలకు విద్యుత్తు నీయ మొదలిడెను. కాని ఆ కేంద్రములలో డైనమోలను త్రిప్పునవి ముషలకము ముందునకు వెనుకకు కదలెడి ఆవిరియంత్రములు. ముందునకు పోవు బరువైన ముషలకము ప్రతి పర్యాయమును ఆగి, వెనుకకు మరలవలెను. ఆ కుదుపునకు నేల యదరును, శబ్దము పుట్టును, భాగము లరుగును. వేగమును మిక్కిలి పెంచుటకు వీలు లేదు. డైనమోకు కావలసినది వేగము. యంత్రము ఈయలేనిదియు వేగమే. ఈ చిక్కు విడనంతకాలము విద్యుద్దీపము కొందరి యింటి యలంకారముగా నుండునే కాని, జనసామాన్యమునకు అందునది కాదు.

ముషలకముతో పనిలేకుండ ఆవిరినే నేరుగా చక్రముపైకి వదలి త్రిప్పరాదా యను తలంపు పూర్వము చాలమందికి కలిగెను. కాని వారందరు నొకే గోడకు తగిలి మరలిరి. అధిక పీడనముగల ఆవిరిని ఒక్కసారిగా వదలినచో అది ఊహింపరాని వేగముతో దూకును. ఆ వేగమును వ్యర్థము కాకుండ గ్రహింపవలెనన్న చక్రపు అంచు ఇంచుమించు అందులో సగము వేగముతోనైన తిరుగవలెను. అంత వేగమునకు ఆనాటి లోహముతో చేసిన చక్రము పగిలి ముక్కలగును.

పార్సన్సు ఆ గోడను పడగొట్టుటకు యత్నింపలేదు. దానికి మెట్లు కట్టెను. మేడపైనుండి ఒక్కసారిగా దూకువాడు కాళ్ళు విరుగగొట్టుకొనును. మెట్ల వెంట దిగువాడు సుఖముగా నేలను చేరును. ఆవిరియు నట్లే దిగవలెనని ఆయన నిశ్చయించెను. ఒకే యిరుసుపై అనేక రెక్కల వరుసలను అమర్చి, వాని నడుమ కదలని రెక్కల వరుసలను నిలిపెను. ఒక్కొక్క వరుసలో ఆవిరి తన పీడనమున కొద్దిభాగమును మాత్రమే కోల్పోయి, కొద్దిపాటి వేగముతో రెక్కలను త్రోసి, తరువాతి వరుసకు పోవును. ప్రతి మెట్టునందును ఆవిరి జలచక్రమును త్రిప్పు నీటివలె సాధువుగా వర్తించును. చిన్న చిన్న త్రోపుడు లన్నియు కలిసి మహాశక్తి యగును.

1884లో ఆయన మొదటి యంత్రము సిద్ధమయ్యెను. ఆవిరి నడుమ ప్రవేశించి కుడియెడమలకు చీలి ప్రవహించునట్లు ఇరుప్రక్కల పదునైదేసి వరుసలను కూర్చెను. ఇరువైపుల త్రోపుడు సమానమగుటచే ఇరుసు ఒక ప్రక్కకు ఒరుగదు. ఆ చిన్న యంత్రము నిమిషమునకు 18,000 మారులు తిరుగుచు ఏడున్నర కిలోవాట్ల విద్యుత్తు నిచ్చెను. ఆనాటి డైనమోలు అంత వేగమునకు నిలువవు గనుక, తగిన క్రొత్త డైనమోను గూడ ఆయనయే రూపొందించెను. ఇరుసు అదరకుండుటకై నూనెలో తేలియాడునట్టి క్రొత్త ఆధారములను కల్పించెను. ఒక సమస్యను విప్పబోయి మూడు సమస్యలను విప్పవలసి వచ్చెను. ఆ మొదటి యంత్రము నేటికిని లండనులోని విజ్ఞాన ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

అయితే ఆ యంత్రము ఆవిరిని మిక్కుటముగా త్రాగెడిది. ఆవిరి యెక్కువ యన్న బొగ్గు ఎక్కువ. బొగ్గు ఎక్కువ యన్న వ్యయ మెక్కువ. ఓడలలో దీపములు వెలిగించుటకు అది చాలును గాని, పట్టణములను వెలిగించుటకు చాలదని పలువురు తలంచిరి. దానిని ఎంత దూరము వృద్ధి చేయవలెనను విషయమున పార్సన్సునకును ఆయన భాగస్వాములకును అభిప్రాయభేదము కలిగెను. 1889లో ఆయన సంస్థను వీడెను. అప్పుడొక గొప్ప నష్టము సంభవించెను. ఆయన బుద్ధినుండి పుట్టిన టర్బైను పేటెంటు హక్కులు పాత సంస్థకే చెందెను. తాను కనిపెట్టిన యంత్రమును తానే నిర్మింపరాని దుస్థితి ఆయనకు ప్రాప్తించెను.

మరియొకడైనచో నిరాశతో చేతులు ముడుచుకొని కూర్చుండును. లేదా జీవితమంతయు వ్యాజ్యములలో గడపును. పార్సన్సు న్యూకాసిల్‌లోని హీటను అనుచోట సొంత కర్మాగారమును స్థాపించి, మరియొక మార్గమును వెదకెను. పాత యంత్రములో ఆవిరి ఇరుసు వెంట ప్రవహించును. క్రొత్త యంత్రములో అది కేంద్రమునకును అంచునకును నడుమ ప్రవహించునట్లు చేసెను. అది పాత పేటెంటునకు లోబడినది కాదు. ఈ దారి మొదటి దారియంత సుగమము కాదు. అయినను పని ఆగలేదు. ఐదేండ్లు అట్లు శ్రమించిన తరువాత, 1894లో తన పూర్వపు హక్కులు తిరిగి ఆయన చేతికి వచ్చెను.

ఈ నడుమకాలముననే రెండు ముఖ్యకార్యములు జరిగెను. 1890లో న్యూకాసిల్ నగరమున ఫోర్తు బ్యాంక్సు అనుచోట ఆయన ప్రోత్సాహముతో ఒక విద్యుత్కేంద్రము వెలసెను. ప్రజలకు విద్యుత్తు నిచ్చుటకై టర్బైనులను వాడిన కేంద్రములలో ప్రపంచమున నదియే మొదటిది. అందలి యంత్రములు ఒక్కొక్కటి 75 కిలోవాట్లవి. 1891లో కేంబ్రిడ్జి పట్టణమునకై నిర్మించిన టర్బైనుకు ఆయన మరియొక సంస్కారము చేసెను. పని ముగించిన ఆవిరిని గాలిలోనికి వదలక, చన్నీటి గొట్టములు గల కండెన్సరను పాత్రలోనికి పంపి నీరుగా మార్చెను. ఆవిరి నీరగుటతో ఆ పాత్రలో గాలిలేని శూన్యమువంటి స్థితి యేర్పడును. ఆవిరి ఆ శూన్యమువైపు మరికొన్ని మెట్లు దిగి, అంతకుముందు వ్యర్థమై పోయిన శక్తిని గూడ ఇచ్చును. ఈయింగు అను ఆచార్యుడు ఆ యంత్రమును పరీక్షించి, పొదుపున నది మంచి ముషలకయంత్రములకు తీసిపోదని తేల్చెను. నేటికిని విద్యుత్కేంద్రములు నదుల చెంతను, జలాశయముల చెంతను, సముద్రతీరమునను వెలయుటకు ఈ చన్నీటి యవసరమే ముఖ్యకారణము.

టర్బైను శక్తిని లోకమంతయు ఒక్కసారిగా గ్రహించుట మాత్రము సముద్రముపై జరిగెను. పార్సన్సు టర్బీనియా అను చిన్న నౌకను నిర్మించెను. మొదట అది ఆశించిన వేగమును పొందలేదు. నీటిని త్రోయు రెక్కలు అతివేగముగా తిరుగుటచే వాని చుట్టును బుడగలేర్పడి, త్రోపుడు వ్యర్థమగుచున్నదని ఆయన చిన్న తొట్టిలో నమూనాలతో పరిశోధించి కనుగొనెను. ఇక్కడను ఆయన పాతసూత్రమునే యనుసరించెను. ఒక యిరుసునకు బదులు మూడు ఇరుసులను, ఒక్కొక్క దానికి మూడేసి రెక్కల చక్రములను అమర్చి భారమును పంచెను. 1897 జూన్ 26వ తేదీన విక్టోరియా రాణి వజ్రోత్సవ సందర్భమున స్పిట్‌హెడ్ వద్ద బారులు తీరిన యుద్ధనౌకల నడుమ ఈ చిన్న నౌక మెరుపువలె దూసికొని పోయెను. గంటకు సుమారు 34 నాట్ల, అనగా 39 మైళ్ళ, వేగముగల ఆ నౌకను పట్టుకొనగల నౌక అచ్చట లేకపోయెను. కొలదికాలముననే యుద్ధనౌకలును, మహాసముద్రములు దాటు ప్రయాణికుల నౌకలును టర్బైనులను ధరించెను.

భూమిపైనను దాని వృద్ధి ఆగలేదు. 1900లో జర్మనీ దేశమందలి ఎల్బర్‌ఫెల్డు పట్టణమునకై వేయేసి కిలోవాట్ల టర్బైనులను పార్సన్సు నిర్మించెను. 1912లో అమెరికాలోని చికాగో నగరమునకై 25,000 కిలోవాట్ల యంత్రమును తయారుచేసెను. ఆయన జీవితకాలముననే యంత్రపరిమాణము 50,000 కిలోవాట్లకు పెరిగెను. యంత్రము పెద్దదైనకొలది అదే బొగ్గునుండి ఎక్కువ విద్యుత్తు లభించెను, ధర తగ్గెను. కాని పెద్ద యంత్రమునకు పని కల్పింపవలెనన్న ఒక వీధి చాలదు, ఒక పట్టణమును చాలదు. అనేక పట్టణములను తీగలతో కలుపవలెను. 1926లో బ్రిటిషు పార్లమెంటు దేశవ్యాప్తమైన విద్యుజ్జాలమునకు చట్టము చేసెను. ఒక యింటి దీపము దేశమందలి విద్యుత్కేంద్రము లన్నిటితోను సంబంధము కలిగియుండు కాలమునకు అట్లు నాంది జరిగెను. పెద్ద టర్బైనులు లేనిదే ఆ యేర్పాటు సాధ్యము కాకుండెడిది.

పార్సన్సును కీర్తి వెదకికొని వచ్చెను. 1898లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1911లో సర్ బిరుదమును, 1927లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను మహాగౌరవమును పొందెను. యంత్రశిల్పులలో ఈ కడపటి గౌరవము నందినవారిలో ఆయనయే మొదటివాడు. కాని జీవితమున దుఃఖమును తప్పలేదు. మొదటి ప్రపంచయుద్ధమున, 1918 ఏప్రిల్‌లో, ఏకైక పుత్రుడు రణరంగమున మరణించెను. కుమార్తె రేచెల్ తండ్రి విద్యనే అభ్యసించి, 1919లో ఏర్పడిన స్త్రీల ఇంజనీరింగు సంఘమునకు మొదటి అధ్యక్షురాలయ్యెను. పార్సన్సు బొగ్గుపదార్థమునుండి కృత్రిమవజ్రములను చేయుటకు అనేక సంవత్సరములు ధనమును, కాలమును వెచ్చించెను. ఆ యత్నము ఫలింపలేదని తుదకు నిస్సంకోచముగ నంగీకరించెను. తన విజయమును దాచని ధైర్యము చాలమందికి కలదు. తన వైఫల్యమును దాచని ధైర్యము కొందరికే కలదు.

1931వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన, నౌకాయానము చేయుచు, జమైకా ద్వీపమందలి కింగ్‌స్టన్ రేవున ఓడపైననే ఆయన కన్నుమూసెను. ఆయన దేహమును నార్తంబర్లండు సీమలోని కిర్క్‌వెల్పింగ్టను గ్రామమున సమాధి చేసిరి.

ఆయన యంత్రము మన దేశమునకును వచ్చెను. 1920లో హైదరాబాదున హుసేన్‌సాగరపు గట్టున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము వెలసెను. అది నేడు లేదు. తరువాత కొత్తగూడెము, రామగుండము, విజయవాడ, ముద్దనూరు, సింహాద్రి మున్నగుచోట్ల మహాకేంద్రములు లేచెను. సింగరేణి బొగ్గును గోదావరి నీటిని కూర్చి నడుపు రామగుండమున 500 మెగావాట్ల యంత్రములు గలవు. అట్టి దొక్కొక్కటి పార్సన్సు మొదటి యంత్రమునకు అరువదియారువేల రెట్లకు మించినది. 2013 డిసెంబరు 31వ తేదీన దక్షిణభారతపు విద్యుజ్జాలము తక్కిన దేశపు జాలముతో కలిసి ఒక్కటయ్యెను. అప్పటినుండి కాశ్మీరము మొదలు కన్యాకుమారి వరకు ఈ బొగ్గు కేంద్రముల టర్బైను లన్నియు, ఒకే తాళమునకు అడుగులు వేయు సైనికులవలె, ఏకవేగమున తిరుగుచున్నవి. 2023-24 సంవత్సరమున దేశమున పుట్టిన విద్యుత్తులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు బొగ్గునుండియే లభించెను. వానలు లేక జలాశయము లెండినను, గాలి స్తంభించినను, సూర్యుడు అస్తమించినను, ఆస్పత్రిలో దీపము వెలుగుట కిదియే పెద్ద యాధారము.

అయితే ఏ మేలును వెల లేకుండ రాదు. బొగ్గు పొగ గాలిని చెరచును. బూడిద గుట్టలుగా పెరుగును. బొగ్గుపులుసు వాయువు ఆకాశమున పేరుకొని భూమిని వేడెక్కించును. నేటి మంచి కేంద్రములలో గూడ బొగ్గునందలి వేడిలో నూటికి 35 మొదలు 40 వంతులు మాత్రమే విద్యుత్తుగా మారును. తక్కినది వ్యర్థమగును. టర్బైను పుట్టిన బ్రిటను దేశము తన కడపటి బొగ్గు విద్యుత్కేంద్రమును 2024 సెప్టెంబరు 30వ తేదీన మూసివేసెను. మన దేశమును సూర్యరశ్మిని, గాలిని వాడుకొనుట కలవరచుకొనుచున్నది. బొగ్గు ఒకనాటికి తొలగిపోయినను ఆవిరిచక్రము వెంటనే తొలగిపోదు. అణుకేంద్రములలోను, భూగర్భపు వేడితో నడచు కేంద్రములలోను నేటికిని ఆవిరిచే తిరుగునది అదియే.

విద్యార్థులారా! పార్సన్సు జీవితమున మనము గ్రహింపదగినది ఒక్కటి కలదు. ఒక్క పెట్టున లోబడని మహాశక్తిని ఆయన చిన్న చిన్న మెట్లుగా విభజించి లోబరచుకొనెను. హక్కులు పోయినప్పుడును, నౌక కదలనప్పుడును అదే నేర్పు ఆయనను రక్షించెను. బొగ్గును మాని వెలుగును నిలుపుకొనుట యెట్లన్న ప్రశ్న నేడు మీ తరము ముందు నిలిచియున్నది. అదియు ఒక్క దూకున దాటదగినది కాదు. దానికి మెట్లు కట్టువారు మీలోనుండియే రావలెను.